సిలబస్ లేని బడిలో చదువు చెప్పడం

సిలబస్ లేకుండా చదువు చెప్పగలమా అని మన హాస్టల్ తమ్ముళ్ళు అడుగుతుంటారు. చెప్పవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన బ్రిడ్జి కోర్సు శిబిరాలే అందుకు నిదర్శనం.

మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లలను బడిబాట పట్టించే కృషి మొదలుపెట్టింది. దానికి నాయకత్వం వహించిన ప్రొఫెసర్ శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు లభించింది.

గొడ్లు కాసే పన్నెండేళ్ళ పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతాడు. తన ఈడు పిల్లలతో ఏడో తరగతిలో కూర్చోబెడితే ఒక్క ముక్క అర్థం కాదు. ఈ రెంటి మధ్య వేసిన వంతెనే బ్రిడ్జి కోర్సు. ఇక్కడ అందరికీ ఒకే పాఠం ఉండదు. ఎవరికి ఎంత వచ్చో చూసి జట్లుగా విడదీస్తారు. పాటలతో, మాటలతో, పిల్లలకు తెలిసిన సంగతులతో మొదలుపెట్టి అక్షరాల్లోకి, ఆపైన తరగతి పుస్తకాల్లోకి తీసుకుపోతారు. కూలి లెక్క తెలిసిన పిల్లవాడికి కూడికలు కొత్త కాదు, వాటిని రాయడమే కొత్త.

సిలబస్ లేదంటే గమ్యం లేదని కాదు. వయసుకు తగిన తరగతిలో చేర్చడమే గమ్యం. దారి మాత్రం పిల్లవాడిని బట్టి మారుతుంది. అందుకే ఇది సారుకు కష్టమైన పని. పుస్తకం ఉంటే రేపటి పాఠం అదే చెబుతుంది. లేనప్పుడు ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో రోజూ చూసుకొని, మరునాటి పాఠం తానే తయారు చేసుకోవాలి.

ఈ శిబిరాల నుంచి వచ్చిన పిల్లలెందరో సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి పై చదువులు చదివారు. బడి మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం కూడా చెప్పింది.

మన దేవరకొండ ప్రాంతంలో తల్లిదండ్రులు వలసపోతే పిల్లల చదువు మధ్యలో ఆగుతుంది. తండాల నుంచి వచ్చే చిన్నవాళ్ళకు ఇంట్లో లంబాడీ భాష, బడిలో తెలుగు. అలాంటి తమ్ముడు స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచి ఊరకే కూర్చుంటే మొద్దు అనకండి. ఎంతవరకు వచ్చో అడగండి. అక్కడి నుంచి రోజూ అరగంట చెప్పండి. పెద్ద తరగతుల అన్నలం తలా ఒక తమ్ముడి బాధ్యత తీసుకుంటే, మన హాస్టల్లో చదువు మానేసి ఇంటికి పోయేవాళ్ళు తగ్గుతారని మా నమ్మకం.