మొసలివలె నుండి మొసలి కాని జంతువు

మొసలి యనగానే మనకు గజేంద్రుని కాలు పట్టిన మకరము తలపునకు వచ్చును. మేము ముచ్చటించబోవు జంతువు మొసళ్ల వంశమునకు దూరపు చుట్టము. దాని పేరు పారాసూకస్. సుమారు 23 కోట్ల సంవత్సరముల క్రిందట అది మన పొరుగు నదీలోయలో బ్రదికెను.

దాని యెముకలు బెజవాడలో ఏల దొరకవని శ్రోతలు అడుగవచ్చును. ఇచ్చటి కొండలు మరీ ముసలివి. వాని శిలలు ఏర్పడునాటికి వెన్నెముక గల ప్రాణియే పుట్టలేదు. డెల్టా మన్ను మరీ పసిది. గుడివాడలో బావి త్రవ్విన పైకి వచ్చునది కృష్ణమ్మ నిన్న మొన్న తెచ్చిన ఒండ్రు. నడిమి కాలపు పొరలకై ఉత్తరమున ప్రాణహిత గోదావరుల లోయకు పోవలెను. సింగరేణి బొగ్గు ఆ లోయదే. బొగ్గునకు తరువాతి కాలపు ఎర్రని బంకమట్టి పొరలు ఆసిఫాబాదు ప్రాంతమున కలవు. మలేరి గ్రామమునుబట్టి వానికి మలేరి పొరలని పేరు.

ఆ ప్రాంతపు శిలాజములను తొలుత సేకరించినవారిలో నాగపురమున నుండిన స్టీఫెన్ హిస్లాప్ అను మతప్రచారకుడొకడు. పాప మాయన 1863లో వాగు దాటుచు మునిగి మరణించెను. 1885లో లైడెక్కర్ ఆయన పేరు కలిపి ఈ జంతువును పారాసూకస్ హిస్లోపి అనెను.

ఎనిమిదడుగుల పొడవు, వీపుపై ఎముక పలకలు, చేపలు పట్టు సన్నని పొడుగాటి మూతి. చూచినవారెవరైనను మొసలి యనియే యందురు. ముక్కు మాత్రము గుట్టు బయటపెట్టినది. మొసలికి నాసికారంధ్రములు మూతి కొననుండును. దీనికి కన్నుల ముందర, తల మొదట నున్నవి. నీట మునిగి పొంచియుండుటకు రెండును ఉపాయములే. ఒకే వృత్తి రెండు వంశములకు ఒకే వేషము నిచ్చినది. పారాసూకస్ నీటిని ఏలుచుండగా మొసళ్ల పూర్వులు సన్నని కాళ్లతో నేలపై పరుగులిడు చిన్న ప్రాణులు. సుమారు 20 కోట్ల యేండ్ల క్రిందట దీని జాతి యంతరించిన పిదపనే ఆ కొలువు వారికి దక్కినది.

లైడెక్కర్ చూచిన ముక్కలలో వేరొక జంతువు ఎముకయు కలిసియుండెను. మిగిలిన మూతి తునక జాతిని తేల్చుటకు చాలలేదు. తరువాత కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు మలేరి పొరలలో పూర్తి అస్థిపంజరములను కనుగొనిరి. శంకర్ ఛటర్జీ 1978లో వానిని విపులముగా వర్ణించెను. 2003లో అంతర్జాతీయ జంతునామ సంఘము పాత తునకను తొలగించి, ఆ అస్థిపంజరములలో నొకదానిని ఈ పేరునకు ప్రమాణముగా నిలిపినది. ప్రక్కప్రక్కన దొరికిన రెండింటి కడుపులలో నాలుగడుగుల బల్లివంటి మలేరిసారస్ ఎముకలు కనబడినవి. కడపటి భోజనము అరుగకముందే అవి బురదలో కప్పబడియుండును.