పిన్నులు చాలనప్పుడు

మా ఊరు కణేకల్. అనంతపురం అనగానే అందరికీ కరువే గుర్తొస్తుంది కానీ, మా ఊళ్లో పెద్ద చెరువుంది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు దాంట్లోకి వస్తాయి. కింద వరి పండుతుంది. మా చిన్నాయన చేను మాత్రం ఆయకట్టు బయట. అక్కడ బోరు, సంపు, డ్రిప్పు, చీనీ చెట్లు. పోయిన సెలవుల్లో ఆ తోటకి ఆటోమేటిక్ వాల్వులు పెడదామని నోడ్‌ఎంసీయూ బోర్డు పట్టుకెళ్లాను.

8 వాల్వులు, 1 మోటారు, సంపులో 2 ఫ్లోట్ స్విచ్‌లు. మొత్తం 11 పిన్నులు కావాలి. బోర్డు మీది ఈఎస్‌పీ8266 చిప్‌కి 17 పిన్నులు. అందులో 6 ఫ్లాష్ మెమరీకే పోతాయి. 3 బూట్ టైంలో ఎలా ఉండాలో ముందే రూలుంది. 2 సీరియల్‌కి. భయం లేకుండా వాడుకోగలిగేవి 6.

ఇక్కడ పనికొచ్చేది ఐఓ ఎక్స్‌పాండర్. నేను వాడింది ఎంసీపీ23017. బోర్డు నుంచి రెండే తీగలు తీసుకుని 16 పిన్నులిస్తుంది. ఆ రెండు తీగల పద్ధతి పేరు ఐ2సి, ఫిలిప్స్ కంపెనీ 1982లో తెచ్చింది. ఒక తీగ మీద డేటా, రెండోదాని మీద క్లాక్.

ఇదెలాగంటే, చెరువు కింద కాలువ ఒకటే, మళ్లు చాలా. నీరుగంటి ఎవరి వంతొస్తే వాళ్ల మడవ తీస్తాడు. ఇక్కడ వంతుకి బదులు అడ్రస్. బోర్డు పిలిచే అడ్రస్ అన్ని చిప్‌లకీ వినిపిస్తుంది, తనది అయిన చిప్పే పలుకుతుంది. అడ్రస్ కాళ్లు మూడింటిని గ్రౌండ్‌కో సప్లైకో కలిపితే 8 అడ్రస్‌లు. అంటే అవే రెండు తీగల మీద 128 పిన్నులు! ఆ కాళ్లనీ, రీసెట్ కాలునీ గాల్లో మాత్రం వదలొద్దు. రెండు తీగలకీ పుల్‌అప్ రెసిస్టర్లు ఉండాలి, 4.7 కిలోఓమ్‌లు సరిపోతాయి.

టేబుల్ మీద అంతా పనిచేసింది. తోటలో పెట్టిన మూడో రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున చూస్తే 8 వాల్వులూ తెరిచే ఉన్నాయి. సంపు ఖాళీ. మోటారు ఉత్తగా తిరుగుతోంది, చెయ్యి పెడితే కాలుతోంది. చివరి సాళ్లకి చుక్క అందలేదు.

"ఏమప్పా, అన్నీ ఒకేతూరి ఇప్పితే కొసకి నీళ్లెట్ల పోతాయి?" అన్నాడు చిన్నాయన. తిట్టలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

తప్పు చిప్‌ది కాదు, నాది. పవర్ రాగానే ఎంసీపీ23017 పిన్నులన్నీ ఇన్‌పుట్‌గా ఉంటాయి, లోపల అవుట్‌పుట్ విలువ మాత్రం సున్నా. నా రిలేలు సున్నా ఇస్తే ఆన్ అయ్యే రకం. నేను ముందు పిన్నుల్ని అవుట్‌పుట్ చేసి, వైఫై దొరికేదాకా ఆగి, తర్వాత ఆఫ్ చెయ్యమని రాశాను. ఆ రాత్రి తోటలో వైఫై దొరకలేదు. కోడ్ అక్కడే ఆగిపోయింది, ఫ్లోట్ స్విచ్‌ని చూసేవాళ్లే లేరు.

సరిచేయడానికి రెండు లైన్లు చాలాయి. ముందు అన్ని అవుట్‌పుట్‌లకీ ఒకటి రాయాలి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా మార్చాలి. వైఫై కోసం ఎక్కడా ఆగకూడదు. ఇంకోటి, బోర్డు ఒక్కటే రీసెట్ అయితే ఎక్స్‌పాండర్ పాత స్థితిలోనే ఉండిపోతుంది. అందుకే ఇప్పుడు దాని రీసెట్ కాలుని బోర్డు పిన్ను ఒకదానికి కలిపాను.

మినీ ప్రాజెక్ట్‌లో ఎక్స్‌పాండర్ పెట్టేవాళ్లు రిలేల బదులు ముందు ఎల్‌ఈడీలు పెట్టి, హాట్‌స్పాట్ ఆపేసి, పదిసార్లు పవర్ పీకి చూడండి. మా చిన్నాయన ఇప్పటికీ రాత్రి కరెంటు వస్తే ఒకసారి లేచి తోటకి వెళ్లి చూసొస్తాడు. ఆయన లేవకుండా నిద్రపోయిన రోజే నా ప్రాజెక్ట్ పూర్తయినట్టు.