యాపిల్ గుజ్జు

మా మంచాల ఊరి చుట్టుపక్కల యాపిల్ తోటలు లేవు. ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో కేంద్రే బాలాజీ అనే రైతు 2020లో కాయించి చూపించారు గానీ, మనం తినేదంతా ఉత్తరాది పండే. హిమాచల్ కాయ వానాకాలంలో, కశ్మీర్ కాయ దసరా ముందు నుంచి బాటసింగారం పండ్ల మార్కెట్‌లో దిగుతుంది. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకు. అంత దూరం లారీలో వచ్చిన పండు ఇంట్లో నాలుగు రోజులుంటే మెత్తబడుతుంది, కొరికితే పిండిపిండిగా ఉంటుంది. దాన్ని పారేయకండి. గుజ్జుకు అదే మంచిది. కుళ్లింది మాత్రం వద్దు.

గోరువెచ్చటి నీళ్లతో రుద్ది కడిగి, ముక్కలు కోసి, గింజలు తీసేస్తాను. నలిగిన గింజల్లోంచి సయనైడ్ పుడుతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. తొక్క ఉంచుతాను. కిలో ముక్కలకు చిన్న చాయ్ గ్లాసెడు నీళ్లు చాలు. యాపిల్‌లో 85 శాతం దాకా నీళ్లే. రెడ్ డెలీషియస్ రకానికి పులుపు తక్కువ, అందుకని అర చెక్క నిమ్మరసం పిండుతాను. ముక్కలు నల్లబడకుండా కూడా కాపాడుతుంది.

మందపాటి గిన్నె, సన్న మంట, పైన మూత. కాసేపటికి ముక్కల అంచులు మెరుస్తాయి, తొక్క ఊడి చుట్టుకుపోతుంది, గరిటె తగిలితే చాలు ముక్క విరిగిపోతుంది. పండులోని కణాలను అతికించి పట్టుకునే పెక్టిన్ వేడికి కరగడం వల్ల ఇలా అవుతుంది. తొక్కలో పెక్టిన్ ఎక్కువ. అది గుజ్జులోకి దిగి, చల్లారాక చిక్కబడుతుంది. పప్పుగుత్తితో మెదిపి జల్లెడలో వడకడితే తొక్క పైన మిగులుతుంది, కింద లేత గులాబీ రంగు గుజ్జు దిగుతుంది. మిక్సీలో మరీ నున్నగా అయిపోతుంది, నాకు నచ్చదు.

చక్కెర వేయను. ఈ విషయంలో ఎవరేమన్నా వినను. ఆరు నెలలు నిండిన పసిబిడ్డ నాలుకకు పండు తీపి పండు తీపిలాగే తెలియాలి. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలే వద్దు. అందులో ఉండగల బాట్యులిజం క్రిముల బీజాలను వాళ్ల పేగు తట్టుకోలేదు. పెద్దవాళ్లకు తీసే గిన్నెలో దాల్చిన చెక్క పొడి చిటికెడు కలుపుతాను.

ఇది పసిపిల్లల తిండేనని తీసిపారేస్తారు గానీ, 1962 ఫిబ్రవరి 20న భూమిని చుట్టి వచ్చిన అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ ఆకాశంలో ట్యూబులోంచి పిండుకుని తిన్నది ఈ గుజ్జే. నమలకుండా మింగొచ్చు, ముక్కలు రాలవు. పళ్లూడిన మా అత్తమ్మకూ అదే సుఖం. జొన్నరొట్టె తుంచి ఇందులో నానబెట్టుకుని తింటుంది.

వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. తడి చెంచా పెట్టకండి. పసిబిడ్డకైతే కావలసినంత వేరే గిన్నెలోకి తీసి పెట్టండి, ఎంగిలి మిగిలితే తిరిగి సీసాలో కలపొద్దు.