ఆ రెండు దేనారములు తిరిగి వచ్చినవా? : పిల్లల కథలలో విశ్వాసము, పరోపకారము

ఇబ్రహీంపట్నంలోని మా సండేస్కూలులో మంచి సమరయుని ఉపమానము (లూకా 10:25-37) చెప్పి ముగించిన ఒక ఆదివారమున ఒక బాలుడు లేచి, "అయ్యగారూ, ఆ రెండు దేనారాలు మళ్ల ఆయనకొచ్చినయా?" అని అడిగాడు. లూకా ఆ సంగతి వ్రాయలేదన్నాము. వానికి తృప్తి కలుగలేదు. మేము చెప్పే మిగిలిన కథలన్నిటిలో డబ్బులు తిరిగి వస్తాయి గదా!

మన సండేస్కూలు కథల నడక చాలావరకు ఒకటే. ఒక పాప తన అన్నం డబ్బా ఆకలిగొన్న ముసలమ్మకు ఇస్తుంది; పరీక్షలో మొదటి ర్యాంకు వస్తుంది. ఒక బాబు దొరికిన పర్సును తిరిగి ఇస్తాడు. సాయంత్రానికి సైకిలు బహుమానము. వినుటకు ఇంపుగానే ఉంటుంది. అయితే పిల్లలు ఇందులో నేర్చుకొనేది దయ కాదు, వడ్డీ లెక్క. పైగా ఆ ముసలమ్మకు పేరుండదు, మరునాడు ఆమె ఏమి తిన్నదో ఎవరూ అడుగరు.

ప్రభువు చెప్పినది కూడ కల్పిత కథయే. కాని అందులో ఖర్చు స్పష్టముగా ఉన్నది. దేనారము ఒక దినపు కూలి (మత్తయి 20:2). రెండు దినముల కూలి ఇచ్చి, ఇంకేమైన ఖర్చయితే మరల వచ్చినప్పుడు తీర్చెదనని సమరయుడు మాట ఇచ్చాడు. కూలికి వెళ్లే తలిదండ్రుల పిల్లలకు ఈ లెక్క మనకంటె త్వరగా అర్థమవుతుంది.

ఇంగ్లండులో హెస్బా స్ట్రెట్టన్ (అసలు పేరు సారా స్మిత్) వ్రాసిన 'జెస్సికా మొదటి ప్రార్థన' 1867లో పుస్తకముగా వచ్చింది. ఆలనా పాలనా లేని జెస్సికా అనే వీధి బాలికకు కాఫీ అమ్ముకొనే డేనియల్ కాస్త కాఫీ పోస్తాడు. ఇతడు ప్రార్థనామందిరపు కాపలాదారుడు కూడ. భక్తిపరుడే గాని డబ్బుమీద ఆశ ఎక్కువ. ఒకనాడు నాణెము జారవిడిచి పాపను పరీక్షిస్తాడు. ఆమె మొదట దానిమీద కాలు పెడుతుంది, తరువాత తీసి ఇచ్చివేస్తుంది. ఆ కాలు పెట్టడమే ఈ కథను నిజము చేసింది. చివరకు సహాయము పొందిన బిడ్డయే పెద్దవాని విశ్వాసమును సరిచేస్తుంది. కన్నీళ్లు కొంచెము ఎక్కువే. తల్లిని దుర్మార్గురాలిగా చూపి ఊరుకొనుట కూడ మాకు నచ్చదు. అయినను రచయిత్రి కథతో ఆగలేదు. 1884లో లండనులో పిల్లలపై క్రూరత్వమును అరికట్టుటకు ఏర్పడిన సంఘ స్థాపనలో పాలుపొందింది.

మన గ్రామ సంఘములలో దళిత బిడ్డలే ఎక్కువ. కథలో పేదబిడ్డ ఎప్పుడును చేయి చాచేవాడే అయితే, వారు తమ్మును ఎక్కడ చూచుకొందురు? 2 రాజులు 5లోని చిన్నదానిని చూడండి. చెరపట్టబడినది, పేరు లేదు, ఒక్క మాట చెప్పింది; నయమాను స్వస్థపడ్డాడు. అతడు తెచ్చిన వెండిలో గేహజీకి దొరికినది గాని, ఆమెకేదైన ఇచ్చినట్లు వాక్యము చెప్పదు. ఏమియు లేని బిడ్డయే ఇక్కడ దాత. అయితే ఈ కథ చెప్పునప్పుడు ఆమెను ఎత్తుకొనిపోయిన అన్యాయమును దాటవేయకూడదు. దాటవేస్తే యజమానికి అణిగియుండుమని మన పిల్లలకు బోధించినట్లగును.

తరువాతి వేసవి విబిఎస్‌లో సమరయుని కథకు ముగింపు చెప్పుమని పిల్లలనే అడిగాము. ఆ బాలుడే మొదట లేచాడు: "మళ్ల వచ్చిండు అయ్యగారూ. దెబ్బలు తగిలినాయన అప్పటికే ఇంటికి పోయిండు. ఈయన ఇంకో దేనారం కట్టి, ఆయన నడుస్తుండా అని అడిగి పోయిండు."