సీఎన్‌సీ రౌటర్: కొనడమా, తయారుచేసుకోవడమా?

జంషెడ్‌పూర్ పక్కనున్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే కర్మాగారాలు ఎన్నో ఉన్నాయి. అంకెల్లో రాసిన ఆదేశాలతో యంత్రాన్ని నడిపే పద్ధతిని ఇలాంటి చోట వాడతారు. దీనినే కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్, క్లుప్తంగా సీఎన్‌సీ అంటారు. అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రదర్శించారు. నేడు చెక్క, ప్లాస్టిక్ చెక్కే చిన్న రౌటర్ చదువుకునే బల్లమీదే పడుతుంది. దానిని కొనాలా, మనమే తయారుచేసుకోవాలా? ధర చూసే ముందు అది పనిచేసే తీరు తెలుసుకుందాం.

కదలిక ఎలా వస్తుంది?

తిరిగే కట్టరును మూడు దిశల్లో జరపడానికి స్టెప్పర్ మోటార్లు ఉంటాయి. మామూలు స్టెప్పర్ మోటారు ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. అంటే పూర్తి చుట్టుకు 200 అడుగులు. లీడ్ స్క్రూ ఒక చుట్టుకు 4 మి.మీ. జరిపితే, ఒక అడుగుకు కదలిక 4/200 = 0.02 మి.మీ. మరి కోత కూడా ఇంత కచ్చితంగా వస్తుందా?

అసలు చిక్కు ఎక్కడ?

కట్టరు చెక్కను నెడితే, చెక్క కట్టరును తిరిగి నెడుతుంది. ఆ బలానికి గైడ్ రాడ్లు వంగుతాయి. ఈ వంపు రాడ్ పొడవు ఘనానికి అనులోమానుపాతంలో, వ్యాసం నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. 10 మి.మీ. వ్యాసం గల ఉక్కు కడ్డీని 300 మి.మీ. దూరంలో రెండు కొనల వద్ద ఆనించి, మధ్యలో కిలో బరువు వేలాడదీస్తే సుమారు 0.06 మి.మీ. వంగుతుంది. అది మోటారు మూడు అడుగులతో సమానం. పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లు, దాదాపు అర మిల్లీమీటరు. అప్పుడు వ్యాసాన్ని 20 మి.మీ. చేస్తే వంపు 16వ వంతుకు, అంటే 0.03 మి.మీ.కు తగ్గుతుంది.

కొంటే

3018 పేరుతో అమ్మే రౌటర్ పని చోటు సుమారు 300 × 180 మి.మీ. నామఫలకాలు, మెత్తని చెక్క, ప్లాస్టిక్ పనులకు చాలు. ఉక్కు కోతకు పనికిరాదు. భాగాలు ముందే ఒకదానికొకటి సరిపోయేలా వస్తాయి కాబట్టి త్వరగా పని మొదలుపెట్టవచ్చు.

తయారుచేసుకుంటే

ఆర్డుయినో ఊనో బోర్డుపై నడిచే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభిస్తుంది. చవక యంత్రాలు అనేకం దానితోనే నడుస్తాయి. కాబట్టి రెండింటికీ మెదడు ఒకటే, తేడా చట్రంలోనే. 1912 నుంచి ఉక్కు పోతపోస్తున్న జంషెడ్‌పూర్‌లో ఉక్కు పని తెలిసినవారికి కొదవలేదు. అయితే వెల్డింగ్ వేడికి చట్రం మెలితిరుగుతుంది. అందుచేత రాడ్లు కూర్చునే తలాలను వెల్డింగ్ తరువాతే మిల్లింగ్ చేయించాలి. ఈ కూలి, తప్పుగా కొన్న భాగాల ఖర్చు లెక్కవేస్తే సొంత తయారీ చాలాసార్లు చవక కాదు.

నిర్ణయం

వస్తువులు చేయడం మీ లక్ష్యమైతే, పని చిన్నదైతే, కొనండి. పెద్ద పలకలు చెక్కాలన్నా, యంత్ర నిర్మాణమే నేర్చుకోవాలన్నా తయారుచేసుకోండి. ఏదైనా సరే, ముందు రాడ్ల పొడవు, వ్యాసం అడగండి. పనిచేసేటప్పుడు కళ్లద్దాలు, ధూళికి మాస్కు, చేతికందే ఆపు స్విచ్ తప్పనిసరి.

ప్రయోగం: స్టీలు స్కేలును బల్ల అంచుకు అదిమిపట్టి 10 సెం.మీ., తరువాత 20 సెం.మీ. బయటకు ఉంచండి. రెండుసార్లూ కొనకు ఒకే చిన్న బరువు వేలాడదీసి, వంపులను కొలిచి పోల్చండి.