ఈతకొలనులో పోటీ ఎంతవరకు?

పోటీ వస్తే పెద్దల ఈతలో సరదా పోతుందని చాలామంది భయం. చరిత్ర అలా చెప్పదు. 1970లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం అమరిల్లోలో తొలి జాతీయ మాస్టర్స్ (అంటే పెద్దల) ఈత పోటీలు జరిగాయి. వాటికి ప్రేరకుడైన నౌకాదళ వైద్యుడు రాన్సమ్ ఆర్థర్ కోరింది పతకాలు కాదు, ఆరోగ్యం. ముందు ఒక లక్ష్యం ఉంటే పెద్దలు వ్యాయామం మానరన్నది ఆయన ఆలోచన. పైగా మాస్టర్స్ ఈతలో ఐదేసి ఏళ్లకో వయో విభాగం ఉంటుంది కనుక అరవై ఏళ్లవారు పాతికేళ్లవారితో తలపడక్కర్లేదు.

మరి ఒత్తిడి, భుజం నొప్పి రావా అంటే, పంతానికి పోతే వస్తాయి. తన పాత సమయంతోనే పోటీపడితే ఆ బెడద తక్కువ. జపాన్‌కు చెందిన మియెకో నగావోకా మోకాలి నొప్పి తగ్గడానికి ఎనభై దాటాక ఈత మొదలుపెట్టి, 2015లో నూరేళ్ల వయసులో 1,500 మీటర్లు పూర్తిచేశారు. పక్క వరుసను కాదు, నిన్నటి మిమ్మల్ని దాటండి.