మీకు తెలుసా? వలలో పడ్డ ప్లాస్టిక్ రోడ్డెక్కింది!

కేరళలోని కొల్లం దగ్గర నీండకర, శక్తికుళంగర రేవులున్నాయి. అక్కడి ట్రాలర్ బోట్లు వల పైకి లాగితే చేపలతోపాటు ప్లాస్టిక్ సంచులు, సీసాలు, తెగిన వలముక్కలూ వచ్చేవి. మత్స్యకారులు చేపలు ఏరుకుని, చెత్తను మళ్లీ సముద్రంలోకే విసిరేసేవారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఒడ్డుకు తెచ్చినా తీసుకునేదెవరు?

2017లో కేరళ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘శుచిత్వ సాగరం’ పథకం ఆ చిక్కు విప్పింది. చెత్త వేసుకోవడానికి బోట్లకు సంచులిచ్చారు. రేవుకు చేరిన ప్లాస్టిక్‌ను మత్స్యకార కుటుంబాల మహిళలు ఏరి, కడిగి, ఆరబెట్టారు. ఈ పనికి వాళ్లకు జీతం ఇచ్చారు. ఆ తర్వాత దాన్ని యంత్రంలో సన్నటి ముక్కలు చేసి, రోడ్లు వేసేందుకు పంపారు. తొలి పది నెలల్లోనే సుమారు 25 టన్నుల చెత్త గట్టెక్కింది.

రోడ్లలో ప్లాస్టిక్ వాడే పద్ధతిని కనిపెట్టింది మదురైకి చెందిన రసాయనశాస్త్ర ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్. వేడి కంకరపై ప్లాస్టిక్ కరిగి పూతలా పట్టేస్తుంది, తారు దానికి గట్టిగా అంటుకుంటుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అన్నట్టు, పసిఫిక్ మహాసముద్రంలో తేలుతున్న పెద్ద చెత్తకుప్ప బరువులో 46 శాతం చేపల వలలేనని 2018లో పరిశోధకులు లెక్కతేల్చారు. అందుకే సంచులు, సీసాల సంగతి చూస్తూనే, తెగిన వలలను తిరిగి తీసుకునే ఏర్పాటు ప్రతి రేవులోనూ ఉండాలి.